టైల్సు, చెక్క, తివాచీ కలిసిన ఇంటికి ఎక్కువ కాలం నిలిచే వాక్యూమ్ క్లీనర్ ఏది?

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇటీవల కట్టిన అపార్టుమెంట్లలో నేల అంతటా ఒకే రకంగా ఉండటం అరుదు. హాలులోనూ వంటింట్లోనూ నున్నటి విట్రిఫైడ్ టైల్సు, పడకగదిలో చెక్కలా కనిపించే లామినేట్ పలకలు, బాల్కనీలో గరుకు టైల్సు, పూజగదిలో పాలరాయి, సోఫా ముందు ఒక తివాచీ ఉంటాయి. పాత ఇళ్లలోనైతే తాండూరు బండలూ మొజాయిక్ నేలా వీటికి తోడవుతాయి. ఇన్ని రకాల నేలను ఒకే యంత్రంతో శుభ్రం చేసుకోవాలని, అది కనీసం ఏడెనిమిదేళ్లు పనిచేయాలని కోరుకునేవారికి బజారులో ప్రధానంగా నాలుగు రకాలు దొరుకుతున్నాయి. చక్రాల మీద వెనుకే లాక్కుంటూ వాడే బ్యాగు రకం మొదటిది. అదే ఆకారంలో బ్యాగు లేకుండా గాలి సుడితో దుమ్మును వేరుచేసే సైక్లోన్ రకం రెండవది. తడినీ పొడినీ పీల్చే డ్రమ్ము రకం మూడవది. బ్యాటరీతో నడిచే తీగలేని స్టిక్ రకం నాలుగవది. రోబోల సంగతి వేరుగా చూద్దాం.

వీటిలో దేన్ని ఎంచుకున్నా, పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వాట్ల సంఖ్యను పక్కన పెట్టడం మంచిది. అది యంత్రం తినే కరెంటును చెబుతుందే గాని పీల్చే శక్తిని చెప్పదు. పీల్చే ఒత్తిడి, గాలి ప్రవాహం రెండూ కలిస్తేనే దుమ్ము కదులుతుంది. యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబరులో వాక్యూమ్ క్లీనర్ల శక్తికి 1600 వాట్ల పరిమితి పెట్టి, 2017 సెప్టెంబరులో దాన్ని 900 వాట్లకు దించింది. అయినా అక్కడి తివాచీల ఇళ్లు మురికిపట్టలేదు, ఎందుకంటే తయారీదారులు గాలి దారినీ నేలను తాకే మూతినీ మెరుగుపరిచారు. మన దగ్గర ఎక్కువ వాట్లకు ఇంకొక చిక్కు ఉంది. 1600 వాట్ల యంత్రం 230 వోల్టుల మీద దాదాపు ఏడు ఆంపియర్లు లాగుతుంది. హాలులో టీవీ పక్కన ఉండే చిన్న సాకెట్టు ఆరు ఆంపియర్లకే ఉద్దేశించినది. ప్లగ్గు వేడెక్కడం, సాకెట్టు నల్లబడటం ఇక్కడే మొదలవుతాయి. 16 ఆంపియర్ల సాకెట్లు సాధారణంగా ఏసీ, గీజరు, వంటింటి గట్టు దగ్గరే ఉంటాయి కనుక, 1000 వాట్ల లోపు యంత్రమే మన ఇళ్ల వైరింగుకు అనువైనది.

మన్నిక విషయానికొస్తే, అదే యూరోపియన్ నిబంధనల్లో పెద్దగా ప్రచారం పొందని రెండు షరతులు ఉన్నాయి: మోటారు కనీసం 500 గంటలు నడవాలి, పైపును 40,000 సార్లు వంచినా చిరగకూడదు. 500 గంటలంటే ఎక్కువే అనిపిస్తుంది గాని, రోజుకు ఇరవై నిమిషాలు వాడే ఇంట్లో అది నాలుగేళ్లకు కొంచెం పైన అయిపోతుంది. వారానికి ఒక గంట వాడే ఇంట్లో తొమ్మిదేళ్లు దాటుతుంది. కాబట్టి ఏ యంత్రం ఎన్నేళ్లు వస్తుందన్న ప్రశ్నకు జవాబు సగం కొనేవారి వాడకంలోనే ఉంటుంది. మిగతా సగం యంత్రంలో ముందుగా ఏది చెడిపోతుంది, చెడినది విడిగా దొరుకుతుందా అన్న దానిలో ఉంటుంది. అనుభవంలో మోటారు కన్నా ముందు పోయేవి చిన్నవే: పైపు చేతిపిడి దగ్గర చీలుతుంది, తీగను లోపలికి లాక్కునే స్ప్రింగు పట్టు తప్పుతుంది, మూతి అడుగునున్న కుచ్చు అరిగిపోతుంది. తీగను చేత్తో చుట్టిపెట్టుకునే యంత్రం చూడటానికి మోటుగా ఉన్నా, చెడిపోయే భాగం ఒకటి తగ్గినట్టే.

మోటారు చెడిపోవడానికి మన ఇళ్లలో ముఖ్య కారణం సన్నని పొడి. ముగ్గుపిండి, విభూతి, అగరుబత్తి బూడిద, పక్క స్థలంలో కడుతున్న భవనం నుంచి వచ్చే సిమెంటు దుమ్ము, సీలింగు పనుల తర్వాత మిగిలే జిప్సం పొడి వీటిలో కొన్ని. ఇవి ఫిల్టరు రంధ్రాలను మూసివేస్తాయి. ఇక్కడ రకానికీ రకానికీ అసలు తేడా బయటపడుతుంది. చక్రాల మీద నడిచే పొడి యంత్రాల్లో, బ్యాగు ఉన్నా లేకపోయినా, పీల్చిన గాలే ఫిల్టరు దాటాక మోటారు గుండా వెళ్లి దాన్ని చల్లబరుస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే పీల్చడం తగ్గడమే కాదు, మోటారుకు చల్లగాలి కూడా అందదు. డ్రమ్ము రకంలో మోటారును చల్లబరిచే గాలి వేరే దారిన వస్తుంది, ఎందుకంటే అది నీళ్లను కూడా పీల్చాలి కనుక తడిగాలిని మోటారు తీగల మీదుగా పంపడం కుదరదు. ఆ ఏర్పాటు వల్లనే ఫిల్టరు మీద కొంత నిర్లక్ష్యం జరిగినా డ్రమ్ము యంత్రం ఓర్చుకుంటుంది. కార్ల సర్వీసు షాపులవాళ్లూ హోటళ్లవాళ్లూ రోజంతా వాడేది ఈ రకాన్నే కావడం యాదృచ్ఛికం కాదు.

బ్యాగుదా, సైక్లోనా అన్న పాత వాదాన్ని కూడా ఈ సన్నపొడి వైపు నుంచే చూడాలి. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు చేసి చూశాక రూపొందించిన సుడిగాలి యంత్రం 1993లో డీసీ01 పేరుతో బజారుకు వచ్చింది. బ్యాగు నిండేకొద్దీ పీల్చే శక్తి తగ్గిపోతుందన్నది ఆయన ఫిర్యాదు. అప్పటి కాగితపు బ్యాగుల విషయంలో అది న్యాయమైనదే. సుడిలో పడిన ఇసుక, వెంట్రుకలు, బియ్యపు గింజల వంటివి బరువు వల్ల గోడకు కొట్టుకుని కింద పడతాయి. ముగ్గుపిండిలోని అతి సన్నని రేణువులకు ఆ బరువు ఉండదు. అవి సుడిని తప్పించుకుని ఫిల్టరుకు చేరతాయి, ముఖ్యంగా ఒకే సుడితో పనిచేసే చవక రకాల్లో. ఆ ఫిల్టరును తరచూ కడగాలి, కడిగాక ఒక రోజంతా నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఆరకముందే తిరిగి బిగించి మోటారును పాడుచేసుకోవడం సైక్లోన్ యంత్రాల విషయంలో చాలా సాధారణం, వానాకాలంలో మరీ ఎక్కువ. పైగా డబ్బాను చెత్తబుట్టలో గుమ్మరించినప్పుడు లేచే ధూళి చూస్తే, ఉబ్బసం ఉన్నవారికి ఇది కొనిపెట్టాలా అని సందేహం రాక మానదు. ఇప్పుడు వస్తున్న పొరల గుడ్డ బ్యాగులు నిండే దాకా గాలిని బాగానే వదులుతాయి, మూతి బిగించి అలాగే పారేయవచ్చు, మోటారుకు ముందు అవే మంచి రక్షణ. వాటికి ఖర్చు అవుతుందన్నది నిజం. అయితే ఆ ఖర్చు కన్నా పెద్ద ప్రశ్న, అయిదేళ్ల తర్వాత కూడా ఆ మోడలు బ్యాగు దొరుకుతుందా అన్నది. దొరకదనిపిస్తే, ఎంత మంచి బ్యాగు యంత్రమైనా కొనకపోవడమే మేలు.

ఇక నేలలు. గట్టి నేల మీద దుమ్ము తీయడం పెద్ద పని కాదు, గీతలు పడకుండా తీయడమే పని. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ రేణువు పాలరాయి కన్నా చాలా గట్టిది. మూతి చక్రంలో ఒక రేణువు ఇరుక్కుంటే పాలరాయి మీద, లామినేట్ మీద సన్నని గీతలు తప్పవు. గ్రానైటు, విట్రిఫైడ్ టైల్సు ఇంకొంచెం ఓర్చుకుంటాయి. అందువల్ల మూతి చక్రాలు రబ్బరు పూత ఉన్నవై ఉండాలి, కాలితో నొక్కితే కిందికి దిగే కుచ్చు ఉండాలి. ఆ కుచ్చు దిగినప్పుడు టైల్సు మధ్య సందుల్లోని మట్టి కూడా బాగా లేస్తుంది. లామినేట్ పలకల మీద తడిగుడ్డ ఎక్కువగా పెడితే అతుకుల దగ్గర ఉబ్బుతాయి కనుక, ఆ గదికి వాక్యూమ్ క్లీనర్ సౌకర్యం కన్నా అవసరమే ఎక్కువ.

తివాచీ విషయంలో అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. వరంగల్ జంఖానా వంటి చదును నేత నూలు పరుపుకు పోగులు పైకి లేచి ఉండవు. దానికి మామూలు మూతి చాలు, పైగా పీల్చే శక్తి ఎక్కువైతే జంఖానా మూతికి అతుక్కుని పైకి లేస్తుంది. చేతిపిడి మీద గాలి వదిలే చిన్న కిటికీ ఉంటే దాన్ని సగం తెరిస్తే సరిపోతుంది. ఏలూరు తివాచీలా ఉన్ని పోగులు నిలబడి ఉండే రకానికి మాత్రం వట్టి పీల్పు చాలదు. పోగుల మొదట్లో చేరిన ఇసుకను తిరిగే బ్రష్షు తట్టి లేపాలి. ఆ బ్రష్షుకు తివాచీ అంచు కుచ్చులు చిక్కకుండా చూసుకోవాలి. పొడవాటి జడలున్న ఇంట్లో అదే బ్రష్షుకు వారానికొకసారి వెంట్రుకలు కత్తిరించే పని కూడా ఉంటుంది. ఆ పని వాయిదా వేస్తే మొదట బెల్టు, తర్వాత బ్రష్షును తిప్పే చిన్న మోటారు పోతాయి.

తీగలేని స్టిక్ రకాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. గోడకు తగిలించి ఉంటుంది, చేతికి తీసుకోవడానికి అర నిమిషం పట్టదు, తిరిగే బ్రష్షు దానితోనే వస్తుంది, టైల్సు మీది నుంచి తివాచీ మీదికి మూతి మార్చకుండానే వెళ్లవచ్చు. నేలలు మారే ఇంటికి వాడుకలో ఇంత సుఖమైనది మరొకటి లేదు. అయితే మన్నిక అడిగినవారికి దీన్ని సిఫారసు చేయడం కష్టం, కారణం బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ మామూలుగా 300 నుంచి 500 పూర్తి చార్జింగుల తర్వాత మొదటి సామర్థ్యంలో అయిదింట నాలుగు వంతులకు దిగుతుంది. ఇందులో ఆరో ఏడో సెల్లులు వరుసగా ఉంటాయి. వాటిలో ఒక్కటి బలహీనపడినా రక్షణ సర్క్యూట్ మొత్తం బ్యాటరీని ఆపేస్తుంది. వేడి దీనికి శత్రువు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం బాల్కనీలో చార్జింగు పెడితే బ్యాటరీ ఆయుష్షు ఎంత తగ్గుతుందో ఊహించుకోవచ్చు. పెట్టె మీద రాసే 40 నిమిషాలు, 60 నిమిషాలు అన్నీ తక్కువ వేగంతో నడిపినప్పటి మాట. తివాచీకి కావలసిన పూర్తి వేగంలో చాలావాటికి పది నిమిషాల అటూ ఇటూనే వస్తుంది. బ్యాటరీని విప్పి మార్చుకునే వీలుండి, విడి బ్యాటరీ ఇక్కడ అమ్ముతున్న మోడలైతే మూడేళ్లకొకసారి ఆ ఖర్చు పెట్టుకోవడానికి సిద్ధపడి కొనవచ్చు. బ్యాటరీ లోపల బిగించేసి ఉన్న రకం చవకగా వచ్చినా ఖరీదైనదే.

రోబోల గురించి రెండు మాటలు చాలు. మంచం కింద రోజూ చేరే దుమ్ముకు అవి పనికొస్తాయి, చాలావరకు ఎత్తైన గడపలు ఎక్కలేవు, ముగ్గును చెత్తగా భావిస్తాయి, ఇతర యంత్రం అవసరాన్ని తప్పించవు.

అమెరికాలోని పిల్లల ఇంట్లో చూసి ముచ్చటపడి అక్కడి యంత్రాన్ని సామానులో తెచ్చుకోవాలనుకునేవారు కొందరుంటారు. అక్కడి చాలా ఇళ్లలో కింద చెక్క నేల, పై అంతస్తులో గోడ నుంచి గోడ దాకా తివాచీ ఉంటాయి కనుక నిలువుగా తోసే పెద్ద బ్రష్షు యంత్రాలు వాళ్లకు సరిపోతాయి. మన ఇంటికి ఆ బరువు అనవసరం. అదీగాక తీగ ఉన్న యంత్రమైతే 120 వోల్టులది, ఇక్కడి సాకెట్టులో పెట్టిన క్షణమే కాలిపోతుంది. తీగలేని రకానికి చార్జరు మీద 100–240 వోల్టులని రాసి ఉంటే నడుస్తుంది, మరమ్మతు మాత్రం ఇక్కడ దొరకడం సందేహమే.

నా ఎంపిక ఇది. తివాచీ ఒకటో రెండో తప్ప మిగతాదంతా గట్టి నేలే అయిన సగటు తెలుగు ఇంటికి, లోపల గుడ్డ బ్యాగు వేసుకునే వీలున్న చిన్న డ్రమ్ము యంత్రం అన్నిటికన్నా మన్నికైనది. బ్రిటన్‌లో 1980ల తొలినాళ్ల నుంచి అమ్ముతున్న హెన్రీ అనే డ్రమ్ము ఆకారపు యంత్రం (ఇది పొడిని మాత్రమే పీలుస్తుంది) ఇంత కాలం నిలవడానికి కారణం కూడా దాని సాదాతనమే. తడినీ పొడినీ పీల్చే డ్రమ్ము రకం లోపాలు దాచనక్కర్లేదు: మోత ఎక్కువ, చోటు ఎక్కువ, తిరిగే బ్రష్షు ఉండదు. కానీ సోఫా, కారు, బాల్కనీలో నిలిచిన వాననీరు, సంప్ కడిగాక అడుగున మిగిలిన నీళ్లు, అన్నిటికీ అదే పనికొస్తుంది. ఉన్ని తివాచీలు ఎక్కువగా ఉన్న ఇంట్లోనో, ఉబ్బసం ఉన్నవారు ఉన్న ఇంట్లోనో, బ్యాగుతో పాటు అతి సన్నని దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టరు, కరెంటుతో తిరిగే బ్రష్షు మూతి ఉన్న చక్రాల యంత్రం తీసుకోవాలి. ధర ఎక్కువే, నిశ్శబ్దం కూడా ఎక్కువే. బ్యాగులు దొరకని ఊళ్లో ఉన్నవారు సైక్లోన్ రకం కొనవచ్చు, రెండు ఫిల్టర్లు ఉంచుకుని ఒకటి ఆరుతుండగా మరొకటి వాడుకోవాలి.

ఒక మినహాయింపు ఉంది. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ మనుషులు ఇల్లిల్లూ తిరిగి అమ్మిన కాలం నుంచీ, ఎంతో గట్టి యంత్రాలు బరువు వల్ల అటకెక్కి అక్కడే ఉండిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. వంగడం, బరువు లాగడం కష్టమైన పెద్దవాళ్లే ఇంటి పని చూసుకుంటున్నప్పుడు మూడేళ్లకొకసారి బ్యాటరీ మార్చే స్టిక్ రకమే తీసుకోవడం మంచిది, కొనేటప్పుడే విడి బ్యాటరీ ధరను బిల్లు వేసేవాడి దగ్గర రాయించుకుని.