ఒక్క హాస్పిటలా, నాలుగు హాస్పిటల్స్ కలిసా: క్లినికల్ ఫార్మసిస్టుల రీసెర్చ్‌కి ఏది మేలు?

ఫార్మ్‌డీ (ఆరేళ్ల ఫార్మసీ డాక్టర్ కోర్సు) ఫిఫ్త్ ఇయర్ వాళ్లకి ప్రాజెక్ట్ టైమ్ వచ్చిందంటే హన్మకొండ, వరంగల్ కాలేజీలల్ల ఇదే ముచ్చట. మన పోస్టింగ్ ఉన్న హాస్పిటల్లోనే చేసుకుని బయటపడదామా, లేకపోతే కరీంనగర్ వాళ్లనీ నిజామాబాద్ వాళ్లనీ కలుపుకొని పెద్దగ చేద్దామా అని. డ్యూటీలో ఉన్న క్లినికల్ ఫార్మసిస్టులు (వార్డుల పేషెంట్ల మందులు సరిచూసేవాళ్లు) కూడా ఈ మధ్య ఇదే అడుగుతున్నరు, ఎందుకంటే ఎన్ఏబీహెచ్ (హాస్పిటల్స్‌కి ఇచ్చే క్వాలిటీ గుర్తింపు) కోసం మెడికేషన్ ఎర్రర్లు, ఏడీఆర్‌లు (మందుల వల్ల వచ్చే రియాక్షన్లు) ఎట్లాగూ రాస్తనే ఉన్నరు కదా, ఆ కాగితాలు ఫైళ్లల్ల పడి ఉంటయి, వాటిని రీసెర్చ్ పేపర్ చేస్తే బాగుండు అనిపిస్తది ఎవరికైనా. నా మాట ముందే చెప్పేస్త: ఎంతమంది కలిసిన్రు అన్నది తర్వాత, ఏం ప్రశ్న అడుగుతున్నరు అన్నది ముందు. ప్రశ్న తేల్చకుండ "పెద్ద స్టడీ అయితే పెద్ద జర్నల్" అనుకొని దిగితే సగంలో ఆగుడే.

ముందు ఒంటరిగ చేసుడు సంగతి. స్టడీకి పర్మిషన్ ఇచ్చే ఎథిక్స్ కమిటీ ఒక్కటే, రౌండ్స్‌ల డాక్టర్లు మొఖం గుర్తుపడతరు, సిస్టర్‌తోని మాట్లాడితే కేస్ షీట్ దొరుకుతది, ప్రాజెక్ట్‌కి ఉండేది ఆరు నెలలే కాబట్టి లెక్కకి కూడా సరిపోతది. ఇంకా అసలైన లాభం ఏందంటే, చూసిన తప్పును అక్కడికక్కడే సరిచేయొచ్చు. ఉదాహరణకి సర్జరీకి ముందు ఇచ్చే సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ కోత పెట్టే ముందు 60 నిమిషాల లోపల పడాలె, మన థియేటర్ల ఎప్పుడు పడుతున్నది? రెండు నెలలు టైమ్ రాసుకో, అనస్తీషియా వాళ్లకి, సర్జన్లకి చూపియ్యి, మళ్లా రెండు నెలలు రాయి. దీనికి ఇంకో హాస్పిటల్ అవసరమే లేదు. మన థియేటర్ ప్రశ్నకి జవాబు మన థియేటర్లనే ఉంటది. క్రియాటినిన్ ఎక్కువున్న (కిడ్నీ సరిగ పనిచేయని) పేషెంట్లకి డోస్ తగ్గిస్తున్నరా, డిశ్చార్జ్ అప్పుడు పాత మందులు కొత్త మందులు సరిచూస్తున్నరా, ఇసొంటివన్నీ కూడా అంతే. జర్నల్ పెద్దది కాకపోవచ్చు గాని వార్డుకి పనికొస్తది, నా లెక్కల అదే ఎక్కువ.

ఒంటరి స్టడీ ఎక్కడ బోర్లా పడతదంటే, వచ్చిన నంబర్‌ను "తెలంగాణల ఇంత శాతం" అని రాసుకున్నప్పుడు. థీసిస్ ఏది తెరిచినా శాంపిల్ సైజ్ 384 అని కనబడతది. అది ఎక్కడ నుంచి వచ్చిందో వైవాల అడిగితే సగం మంది తడబడతరు. 50 శాతం అనుకొని, అటూ ఇటూ 5 శాతం తేడాతోని, 95 శాతం నమ్మకంతోని లెక్క కడితే వచ్చేది 384, అంతే. కానీ ఆ లెక్కకి జనంల నుంచి ర్యాండమ్‌గ తీసిన శాంపిల్ కావాలె. ఒక్క మెడిసిన్ వార్డుల వరుసగ 384 మందిని తీస్తే అది ఆ వార్డు గురించి చెప్తది, జిల్లా గురించి చెప్పదు. వరంగల్ సర్కారు హాస్పిటల్ ఎంజీఎంకి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు నుంచి పురుగుల మందు తాగినోళ్లు, పాము కరిచినోళ్లు వస్తరు, ప్రైవేట్ కార్డియాక్ సెంటర్‌కి స్టెంట్ల వాళ్లు వస్తరు. రెండు చోట్లా "డ్రగ్ రిలేటెడ్ ప్రాబ్లమ్స్" లెక్కపెడితే రెండు వేరే లోకాలు కనబడతయి.

అరుదుగ జరిగేవాటికి కూడా ఒంటరి స్టడీ చాలదు. 300 మందిని చూసినం, ఒక్క రియాక్షన్ కూడా రాలేదు, మందు సేఫ్ అని రాస్తరు కొందరు. సున్న వచ్చినప్పుడు 3ని పేషెంట్ల సంఖ్యతో భాగించాలె అని ఒక చిన్న సూత్రం ఉంది, దాని ప్రకారం 300 మందిల సున్న వచ్చినా అసలు రేటు 1 శాతం దాకా ఉండొచ్చు. వెయ్యి మందికి ఒకరికి వచ్చే రియాక్షన్ కనీసం ఒక్కటి కనబడాలన్నా 3 వేల మంది దాకా కావాలె. ఆరు నెలల్ల ఒక్క హాస్పిటల్ల అయ్యే పనేనా ఇది.

అక్కడనే కలిసి చేసుడు పనికొస్తది. అమెరికాల అయితే 1996ల నార్త్ కరొలైనాలోని ఆషెవిల్ ఊర్ల మెడికల్ షాపుల ఫార్మసిస్టులు కలిసి షుగర్ పేషెంట్లను ఫాలో అప్ చేసిన ప్రాజెక్ట్ ఇప్పటికీ క్లాసుల్ల చెప్తరు. అక్కడి కాలేజ్ ఆఫ్ క్లినికల్ ఫార్మసీ వాళ్లు ప్రాక్టీస్ చేసే ఫార్మసిస్టులతోనే ఒక రీసెర్చ్ నెట్‌వర్క్ పెట్టిన్రు. మన దగ్గర అసొంటిది లేదంటరు గాని, చూసే కన్ను ఉంటే 2010ల మొదలైన పీవీపీఐ (మందుల రియాక్షన్లను గమనించే జాతీయ కార్యక్రమం) ఉన్నది కదా, ఘజియాబాద్‌ల ఐపీసీ (ఇండియన్ ఫార్మకోపియా కమిషన్) కింద, దేశమంతా ఏడీఆర్ మానిటరింగ్ సెంటర్లు, అందరికీ ఒక్కటే ఫారం. రోజూ ఫారం నింపే పిల్లలకి తాము ఒక పెద్ద నెట్‌వర్క్‌ల ఉన్నమన్న సోయి ఉండదు, ఇంటర్నల్ మార్కుల కోసం నింపుతున్నమనుకుంటరు.

కానీ కలిసి చేసుడు అంటే నంబర్లు కూడుడు కాదు, ఇది చానా మందికి తెల్వదు. ఒక్క హాస్పిటల్ పేషెంట్లు ఒకరికొకరు కొంచెం పోలికగ ఉంటరు (అదే డాక్టర్, అదే మందుల సప్లై), అందుకే నాలుగు హాస్పిటల్స్‌ల వందేసి మంది అంటే 400 మంది అయినట్టు కాదు. ఆ పోలిక కొలత 0.05 ఉంటే, చోటుకి వందల ఒకటి తీసేసి 1 + 99 × 0.05 = 5.95, అంటే 400ను దాంతోని భాగిస్తే 67 మంది విలువనే! 0.01 ఉంటే 200 దాకా వస్తది. అందుకే ఒక్కో చోట మందిని పెంచుడు కంటే హాస్పిటల్స్ సంఖ్య పెంచుడు మేలు, కానీ హాస్పిటల్స్ పెరిగిన కొద్దీ తలనొప్పి పెరుగుతది. ఇగ ఆడనే ఉన్నది అసలు చిక్కు.

మొదటి తలనొప్పి, ఒక్కటే కేసును అందరూ ఒక్క తీరుగ చూడరు. రియాక్షన్ మందు వల్లనే వచ్చిందా అని మార్కులేసే నరాంజో స్కేల్‌ల 10 ప్రశ్నలు, 9 గాని ఆ పైన గాని వస్తే డెఫినిట్, 5 నుంచి 8 ప్రాబబుల్, 1 నుంచి 4 పాసిబుల్. మన వార్డుల్ల మళ్లా అదే మందు ఇచ్చి చూసుడు ఉండదు, బ్లడ్ లెవెల్స్ తీసుడు అరుదు, ప్లసీబో (మందు లేని ఉత్త గోళీ) ఇచ్చిన్రా అన్న ప్రశ్నకి నవ్వొస్తది. అందుకే కేసులన్నీ మధ్యలనే పోగవుతయి, ఒక చోట 4 ఇచ్చిన కేసుకి ఇంకో చోట 5 ఇస్తరు, గీత దాటిపోతది. డ్రగ్ ఇంటరాక్షన్స్ అయితే ఇంకా ఘోరం, ఒకాయన మైనర్‌వి కూడా లెక్కపెడతడు, ఇంకొకాయన మేజర్‌వే. మొదలుపెట్టే ముందు 20 కేసులు పేర్లు తీసేసి అన్ని సైట్లకి పంపి ఎవరికి వాళ్లు గ్రేడ్ చేయమని, కప్పా లెక్క (గ్రేడ్లు ఒకరికొకరికి ఎంత కలిసినయో చెప్పే కొలత) చూసుకోవాలె. 0.6 కంటే తక్కువ వస్తే డేటా తీసుడు ఆపి కూసొని మాట్లాడుకోవాలె, వేరే దారి లేదు.

రెండోది ఎర్రర్ల స్టడీ. మందుల తప్పులను వర్గాలు చేసే అమెరికా సంస్థ ఎన్‌సీసీ మెర్ప్ వాళ్ల లెక్కల ఏ నుంచి ఐ దాకా కేటగిరీలు, పేషెంట్ దాకా పోకముందే పట్టుకున్నది బి. సిస్టర్‌ను మెమోలతోని భయపెట్టే చోట ఈ బి కేటగిరీ కాగితం మీదికే రాదు, నిజాయితీగ రాసే చోట కుప్పలుగ వస్తది. రెండు హాస్పిటల్స్ పక్కపక్కన పెడితే మంచిగ రాసినోళ్లే చెడ్డగ కనబడతరు, ఆ గ్రాఫ్ చూసి మేనేజ్‌మెంట్ తర్వాతి నెల నుంచి డేటా ఇయ్యదు. అందుకే హాస్పిటల్స్ మధ్య ఎర్రర్ రేటు పోల్చే స్టడీకి నేనైతే అస్సలు ఓటెయ్య. సైట్ పేర్లకి కోడ్ పెట్టి, ఏ రకం ఎర్రర్లు, ఏ మందులల్ల, ఏ షిఫ్టుల అని చూస్తే పనికొస్తది.

పర్మిషన్ల గురించి అందరూ భయపడతరు గాని, ఐసీఎంఆర్ (దేశంల మెడికల్ రీసెర్చ్ చూసే సర్కారు సంస్థ) 2017 గైడ్‌లైన్స్‌ల రిస్క్ తక్కువున్న మల్టీసెంటర్ స్టడీలకి ఒక కమిటీనే కామన్‌గ రివ్యూ చేయొచ్చని ఉన్నది. ఒప్పించుడు మన ఓపిక. షేర్డ్ షీట్‌ల ఐపీ నంబర్ (పేషెంట్ అడ్మిషన్ నంబర్), పేరు మాత్రం పెట్టొద్దు, కోడ్ లిస్ట్ ఏ హాస్పిటల్‌ది ఆ హాస్పిటల్లనే ఉండాలె. ఆథర్‌షిప్ మొదటి మీటింగ్‌లనే రాసిపెట్టుకోవాలె, ఎవరు ఫస్ట్, ఎవరు కరెస్పాండింగ్ అని. ఏం పని చేయని సార్ పేరు ఎట్ల వస్తది అని చివర్ల కొట్లాడితే దోస్తానాలు ఖరాబైతయి.

మరి ఎవరికి ఏది? ఫార్మ్‌డీ పిల్లలకైతే ఒక్క హాస్పిటలే, కళ్లు మూసుకొని. కాకపోతే సొంతంగ ఫారం తయారుచేయకుండ మందుల సమస్యలను వర్గాలు చేసే పీసీఎన్ఈ క్లాసిఫికేషన్, పీవీపీఐ ఫారం అసొంటి నలుగురు వాడేవే వాడితే రేపు జూనియర్లు దాని మీద ఇంకో సంవత్సరం డేటా వేయొచ్చు. డ్యూటీలో ఉన్న ఫార్మసిస్టులకి నాలుగైదు వద్దు, రెండు మూడుతోని మొదలుపెట్టండి, ఒకటి సర్కారుది ఒకటి ప్రైవేట్ ఉండేటట్టు, ఫారం ఒక్క పేజీ దాటొద్దు, డేటా చూసుకునే మనిషి ఒక్కరే. "అందరం చూసుకుందాం" అన్న షీట్‌ను ఎవరూ చూడరు.

మన దిక్కు నిజంగ కలిసి చేయదగ్గది ఏందంటే పాము కాటు మందు రియాక్షన్లు. రియాక్షన్ మస్తు మందికి వస్తది, దానికి ఒక్క హాస్పిటలైనా చాలు, కానీ ఏ బ్యాచ్‌తోని ఎక్కువ వస్తున్నయన్నది ఒక్క చోట కూసుంటే తేలదు, ఒక బ్యాచ్ వాయల్స్ ఒక్క ఊరికే రావు కదా. 2022, 2023లల్ల మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, జనగామ, భూపాలపల్లిల కొత్త మెడికల్ కాలేజీలు వచ్చినయి కాబట్టి చేయడానికి హాస్పిటల్స్ కూడా ఉన్నయి. బ్యాచ్ నంబర్, ఎన్ని వాయల్స్, ఎంతసేపట్ల ఎక్కించిన్రు, ముందు అడ్రినలిన్ ఇచ్చిన్రా లేదా, ఎన్ని నిమిషాలకి దద్దుర్లో వణుకో బీపీ పడిపోవుడో వచ్చింది, గివి రాస్తే చాలు. వాయల్ పారేసే ముందు లేబుల్ ఫొటో తీసి పెట్టమని నైట్ డ్యూటీ సిస్టర్లకి చెప్పుకోవాలె, ఎందుకంటే తెల్లారి కేస్ షీట్ల బ్యాచ్ నంబర్ ఉండదు. కేసులు ఎక్కువొచ్చేది వానాకాలం, నాట్ల టైమ్‌ల, కాబట్టి ప్రోటోకాల్ ఫిబ్రవరిలనే రాసి కమిటీకి పెట్టాలె, జూన్‌ల అనుకుంటే మళ్లా వచ్చే ఏడే.