ఐ హ్యావ్, ఐ హ్యావ్ గాట్, ఐ యామ్ హ్యావింగ్: ఏది మేలు?

ఇంగ్లిష్ మాట్లాడటం మొదలుపెట్టినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. 'నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు' అని చెప్పాలంటే 'ఐ హ్యావ్ టూ సిస్టర్స్' అనాలా, 'ఐ హ్యావ్ గాట్ టూ సిస్టర్స్' అనాలా, 'ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్' అనాలా? మూడూ చెవిన పడుతూనే ఉంటాయి, ఏదైతేనేం అని కొందరి వాదన. మొదటి రెండింటి వరకు ఆ వాదన చెల్లుతుంది. మూడోదాని కథ వేరు.

అందుకే ముందు ఆ మూడోదాని సంగతే చూద్దాం. టెన్సుల పట్టిక దాదాపు అందరికీ కంఠతా వచ్చు. చిక్కల్లా 'ఇప్పుడు ఉంది కాబట్టి కంటిన్యుయస్' అనుకోవడంలో ఉంది. ప్రెజెంట్ కంటిన్యుయస్‌కి 'ఇప్పుడు' అన్నది ఒక్కటే చాలదు, ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. వంట జరుగుతుంది, వాన పడుతుంది. కారు ఉండటం, అక్కలు ఉండటం జరిగే పనులు కావు. కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి అక్కడ పనే లేదు.

మనం ఇక్కడే ఎందుకు తడబడతామో నాకో అనుమానం ఉంది. ఇంగ్లిష్‌లో హ్యావ్ చేసే పనికి తెలుగులో ప్రత్యేకంగా క్రియ లేదు. 'నాకు అక్క ఉంది', 'నా దగ్గర పెన్ను ఉంది' అంటూ అన్నిటికీ 'ఉండు'తోనే సరిపెట్టుకుంటాం. అదే 'ఉండు' తింటున్నాను, రాస్తున్నాను అన్న మాటల్లోనూ దాక్కుని ఉంది: తింటూ ఉన్నాను, రాస్తూ ఉన్నాను. సొంతానికీ, జరుగుతున్న పనికీ ఒకటే క్రియ కావడంతో ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు చివర 'ఇంగ్' తగిలించాలని నాలుక తొందరపడుతుంది.

అయితే దీనికి విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. 'నాకు కారు ఉంటోంది' అని ఎవరైనా అంటారా? చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉందో చూడండి. 'ఐ యామ్ హ్యావింగ్ ఎ కార్' కూడా ఇంగ్లిష్ చెవికి అలాగే వినిపిస్తుంది. అందుకే నేను చెప్పే పరీక్ష ఒక్కటే. తెలుగు వాక్యం చివర ఒట్టి 'ఉంది', 'ఉన్నారు' లాంటివి వస్తే హ్యావ్: జ్వరం ఉంది, మీటింగ్ ఉంది, అనుభవం ఉంది. అక్కడ వేరే పనిమాట వస్తే హ్యావింగ్‌కి వీలుంటుంది: భోజనం చేస్తున్నాను, ఇబ్బంది పడుతున్నాను, రేపు పార్టీ చేసుకుంటున్నాం. నూటికి నూరుపాళ్లూ పనిచేసే సూత్రం కాదు గానీ రోజువారీ మాటలకు సరిపోతుంది.

కాదని హ్యావింగ్ వాడితే తప్పు వ్యాకరణంతో ఆగదు, అర్థమే మారిపోవచ్చు. 'షి హ్యాజ్ ఎ బేబీ' అంటే ఆమెకు పసిబిడ్డ ఉంది. 'షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ' అంటే ఆమె గర్భవతి. బిడ్డ ఉన్న స్నేహితురాలి గురించి ఈ రెండో మాట అన్నారంటే అవతలివాళ్లు 'ఎన్నో నెల?' అని అడుగుతారు. ఇంట్లో పెంచుకుంటున్న చేపల గురించి 'ఐ యామ్ హ్యావింగ్ ఫిష్' అన్నారంటే మరీ ఘోరం, వాటిని తింటున్నారని అర్థం.

రెజ్యూమెల్లో 'ఐ యామ్ హ్యావింగ్ ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' తరచూ కనిపిస్తుంది. మన దేశంలో అది అందరికీ అర్థమవుతుంది, చాలామంది పట్టించుకోరు కూడా. కానీ విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్, స్పీకింగ్ విభాగాల్లో స్కోరు నిర్ణయించే నాలుగు ప్రమాణాల్లో వ్యాకరణం ఒకటి. అలాంటిచోట ఈ 'ఇంగ్' ఊరికే పోదు.

'మరి మెక్‌డొనాల్డ్స్ వాళ్లు ఐయామ్ లవిన్ ఇట్ అంటున్నారుగా?' అని అడిగేవాళ్లుంటారు. 2003లో వచ్చిన ఆ నినాదం మాటల్లో వాడే ధోరణిలో ఉంది, ఈ క్షణాన ఆస్వాదిస్తున్నానన్న భావం అందులో పలుకుతుంది. లవ్, ఎంజాయ్ లాంటివాటికి ఆ వెసులుబాటు ఉంది. నో (తెలిసి ఉండటం), ఓన్ (సొంతంగా ఉండటం), బిలాంగ్‌లకు లేదు. 'నాకు తెలుసు' అనే చోట 'నాకు తెలుస్తోంది' అంటే అర్థం మారిపోతుంది కదా, 'ఐ యామ్ నోయింగ్' అసలు నిలబడనే నిలబడదు.

ఇక హ్యావ్, హ్యావ్ గాట్‌లలో ఏది మేలు? రెండూ ఒప్పే. హ్యావ్ గాట్ మాట్లాడే భాషలో, ముఖ్యంగా బ్రిటిష్ వాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తుంది. 'ఐవ్ గాట్ ఎ కోల్డ్' అంటే చెవికి హాయిగానే ఉంటుంది. అయినా నా ఓటు హ్యావ్‌కే, కారణం ప్రశ్న వేసే తీరు. 'డూ యు వాంట్', 'డూ యు నో' వచ్చినవాళ్లకు 'డూ యు హ్యావ్' కొత్తగా నేర్చుకునే పని లేదు. 'డూ యు హ్యావ్ ఎ పెన్?' అంటే 'యెస్, ఐ డూ'. గాట్‌తో వెళ్తే 'హ్యావ్ యు గాట్ ఎ పెన్?' అని తిరగేయాలి, జవాబుగా 'యెస్, ఐ హ్యావ్' అని గాట్‌ను వదిలేయాలి. రెండింటినీ కలిపి 'డూ యు హ్యావ్ గాట్' అంటే కుదరదు. (హ్యావ్ పక్షానా ఒక గొయ్యి ఉంది: 'డజ్ హి హ్యాజ్' అని నోరు జారడం. డజ్ వచ్చాక హ్యావ్ అనే అనాలి.)

టెన్స్ మారితే తేడా ఇంకా తెలుస్తుంది. నిన్నటికి 'ఐ హ్యాడ్', రేపటికి 'ఐ విల్ హ్యావ్' అనేస్తే పని అయిపోతుంది. ఈ అర్థంలో గాట్ వర్తమానం దాటి పెద్దగా బయటికి రాదు. 'రోజూ ఆరింటికి కాఫీ తాగుతాను' అనడానికి 'ఐ హ్యావ్ కాఫీ ఎట్ సిక్స్' సరిపోతుంది, అక్కడ గాట్ పెట్టడానికి వీల్లేదు. పైగా అమెరికన్ల నోట 'గాటెన్' అని ఇంకో రూపం ఉంది: 'ఐవ్ గాట్ ఎ టికెట్' అంటే టికెట్ ఉంది, 'ఐవ్ గాటెన్ ఎ టికెట్' అంటే సంపాదించాను. గాట్ విన్నప్పుడు అర్థమైతే చాలు, మాట్లాడేటప్పుడు తప్పనిసరిగా వాడాలన్న టెన్షన్ అక్కర్లేదు.

'హ్యావ్ యు ఎ పెన్?' పాతకాలపు బ్రిటిష్ తీరు. 'ఐ హ్యావెంట్ ఎ క్లూ' లాంటి కొన్ని మాటల్లో మిగిలింది.

హ్యావ్‌కి దగ్గరి మాటలు ఇంకొన్ని ఉన్నాయి. ఓన్ అనేది ఇల్లు, స్థలం, వ్యాపారం లాంటి ఆస్తులకు బాగుంటుంది. అక్కలను ఎవరూ ఓన్ చేయరు. పొసెస్ రాతలో, చట్టపు భాషలో వాడే మాట. బిలాంగ్ టు వాడితే వస్తువు ముందుకొస్తుంది: 'దిస్ బ్యాగ్ బిలాంగ్స్ టు మి'.

ఇక ఫలానావాళ్లది, ఫలానాదాని అని చెప్పడానికి పేరు చివర అపోస్ట్రఫీ ఎస్ పెట్టాలా, మధ్యలో 'ఆఫ్' పెట్టాలా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. మనుషులకు, జంతువులకు, కాలానికి మొదటిది (టుడేస్ మీటింగ్), వస్తువులకు ఎక్కువగా రెండోది (ది ఎండ్ ఆఫ్ ది రోడ్). 'ఇట్స్' దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. 'దాని' అనే అర్థంలో అపోస్ట్రఫీ ఉండదు, 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హ్యాజ్' అయితే ఉంటుంది.