లాన్ పోర్టు చూసి స్విచ్చర్ కొనకండి, ముందు కరెంటు తీసి చూడండి

పెళ్లిళ్లకు, సభలకు లైవ్ మిక్సింగ్ చేసే మిత్రులు ఎవరైనా కొత్త స్విచ్చర్ (ఏ కెమెరా దృశ్యం తెర మీదికి వెళ్లాలో మార్చే పెట్టె) కొనే ఆలోచనలో ఉంటే ఇది చదివి కొనండి. పెద్దగా పేరు లేని నాలుగు ఇన్‌పుట్ల హెచ్‌డీఎంఐ స్విచ్చర్లు ఇప్పుడు మార్కెట్లో బాగా తిరుగుతున్నాయి. డబ్బా మీద ‘నెట్‌వర్క్ కంట్రోల్’ (లాన్ పోర్టుకు నెట్‌వర్క్ కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌తో నడపడం) అని, ‘ప్రొఫెషనల్ ట్రాన్సిషన్స్’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక షాపులో నేను ముప్పై వేల చిల్లర పోసి కొన్నది అలాంటిదే. పేర్లు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క స్టిక్కర్‌ను తప్పించుకుని, పక్కనే ఇంకో స్టిక్కర్‌తో ఉన్న అలాంటి పెట్టెనే కొనుక్కొస్తారు.

షాపులో డెమో బాగానే ఇచ్చారు. ల్యాప్‌టాప్‌లో యాప్ తెరిచి, ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి మారే ట్రాన్సిషన్లు, అంటే మిక్స్ (ఒకటి ఇంకోదాంట్లో కరిగిపోవడం), వైప్ (ఒకదాన్ని తుడిచేస్తూ ఇంకోటి రావడం), డిప్ (మధ్యలో ఒక రంగు మీదుగా మారడం) అన్నీ నొక్కి చూపించారు. “ట్రాన్సిషన్ టైమ్ కూడా మీ ఇష్టమన్నా, ఎంతంటే అంత పెట్టుకోవచ్చు” అన్నాడు అక్కడి కుర్రాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. పెట్టుకోవచ్చు. కరెంటు ఉన్నంతసేపు ఉంటుంది.

ఫంక్షన్ హాళ్ల సంగతి మనకు తెలిసిందే. సరిగ్గా ముహూర్తం టైముకి కరెంటు పోవడం, జనరేటర్ అందుకునేలోపు స్టేజి లైను మొత్తం ఒకసారి చచ్చి లేవడం. నా పెట్టె కూడా చచ్చి లేచింది. లేచాక నేను పెట్టిన మిక్స్ లేదు, ట్రాన్సిషన్ టైముగా పెట్టిన 25 ఫ్రేముల రేటూ లేదు. ఫ్యాక్టరీలో ఏది పెట్టారో అదే, నక్షత్రం ఆకారంలో వైప్, అదీ తాపీగా. నాకు అది తెలిసింది ట్రాన్సిషన్ నడిపే ఆటో బటన్ నొక్కాకే. జీలకర్ర బెల్లం పెడుతుంటే ఎల్ఈడీ వాల్ మీద పెళ్లికూతురి ముఖంలోంచి నక్షత్రం పుట్టి, మెల్లగా పెరిగి, అందులో పురోహితుడు ప్రత్యక్షమయ్యారు. ముందు వరసలో పిల్లలు చప్పట్లు కొట్టారు. పెళ్లికూతురి మేనమామ మాత్రం నా టేబుల్ దగ్గరికి వచ్చి “ఏం బాబూ, సీరియల్ తీస్తున్నావా?” అన్నారు.

సరే, ల్యాప్‌టాప్‌లో మార్చేద్దామంటే యాప్‌లో ‘డివైస్ దొరకలేదు’ అని వస్తోంది. ఎందుకంటే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పెట్టెను గుర్తుపట్టే నంబరు) కూడా పాతదానికే వెళ్లిపోయింది. నేను వాడేది జియో రౌటర్, దాని నెట్‌వర్క్ 192.168.29తో మొదలవుతుంది. పెట్టె ఫ్యాక్టరీ ఐపీ ఏమో 192.168.0తో మొదలయ్యేది. చుక్కల మధ్య ఉండే ఆ మూడో సంఖ్య కలవకపోతే రెండూ ఒకే కేబుల్ మీద ఉన్నా ఒకదానికొకటి కనబడవు. తలంబ్రాల మధ్యలో ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్లి ఐపీ మార్చుకుంటూ కూర్చోవడం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుస్తుంది. మిగతా కార్యక్రమమంతా దృశ్యాన్ని టక్కున మార్చే కట్ బటన్ మీదే లాగించాను.

యూపీఎస్ పెట్టుకోవాల్సింది కదా అని ఎవరైనా అంటారు. పెట్టుకోవాలి, కాదనను. కానీ ఇంటికి తెచ్చి తీరిగ్గా చూస్తే తేలింది ఏంటంటే, ఈ పెట్టెలో సెట్టింగులు సేవ్ చేసే ఏర్పాటే లేదు. కరెంటు పోనక్కర్లేదు, రాత్రి ఆపి పొద్దున ఆన్ చేసినా మళ్లీ మొదటికే. బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ వాళ్ల ఏటెమ్ స్విచ్చర్ వాడినవాళ్లకు తేడా తెలుసు. కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ మెనూలోకి వెళ్లి స్టార్టప్ స్టేట్ సేవ్ చేస్తే ఎప్పుడు ఆన్ చేసినా ఆ సెట్టింగులతోనే లేస్తుంది. ఐపీ కూడా యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఒకసారి మారిస్తే అలాగే ఉండిపోతుంది. కొనేటప్పుడు ఎఫెక్టులు ఎన్ని ఉన్నాయని చూస్తాం గానీ, పెళ్లిలో మనం వాడేది మిక్స్, కట్. ఆ రెండూ మాట మీద నిలబడితే చాలు.

కాబట్టి షాపులోనే, డబ్బులు కట్టకముందే ఈ పని చేయండి. ట్రాన్సిషన్ మిక్స్‌కి మార్చి, రేటు మార్చి, ఐపీ మీ రౌటర్‌కి తగ్గట్టు మార్చి, వాళ్ల ముందే అడాప్టర్ పీకేయండి. మళ్లీ పెట్టి, మీరు మార్చినవి అలాగే ఉన్నాయో లేదో చూడండి. అలా పీకొద్దని వాళ్లంటే అక్కడినుంచి వచ్చేయండి. ట్రాన్సిషన్ రేటు చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి, లెక్క ఫ్రేముల్లో ఉంటుంది. 25 ఫ్రేములంటే, సెకనుకు 25 ఫ్రేములు నడిచే 1080పి25లో ఒక సెకను, 50 నడిచే 1080పి50లో అరసెకనే. మోడ్ మారిస్తే ట్రాన్సిషన్ వేగం మారినట్టు అనిపించేది అందుకే, దానికి పెట్టెను తిట్టకండి.

లాన్ పోర్టు దేనికో కూడా గట్టిగా అడగండి. కొన్నింటిలో ఆ పోర్టు స్ట్రీమింగ్‌కి మాత్రమే, కంట్రోల్ చేయాలంటే యూఎస్‌బీ ఒక్కటే దారి. నా దాంట్లో కంట్రోల్ వస్తుంది గానీ పాస్‌వర్డ్ లేదు. అదే వైఫైలో ఉండి ఆ యాప్ వేసుకున్న ఎవరైనా తెర మీద వెళ్తున్న మన దృశ్యాన్ని మార్చేయొచ్చు. హాలు వైఫై పాస్‌వర్డ్ రిసెప్షన్ గోడ మీదే అంటించి ఉంటుంది. దానికి మాత్రం స్విచ్చర్‌ను కలపకండి, చిన్న రౌటర్ ఒకటి మీ కిట్‌లోనే పెట్టుకోండి.

వాపసు సంగతికొస్తే, షాపువాళ్లు మొదట “ఇన్నేళ్లలో ఎవరూ ఇలా అనలేదు” అన్నారు. తర్వాత “మీరు వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు రాదు” అన్నారు. ఈ మాటకు జడవకండి. 2019 చట్టంలోనే ఉంది, స్వయం ఉపాధితో కేవలం బతుకుతెరువు కోసం కొని తానే వాడుకునే వస్తువు ‘వాణిజ్య ప్రయోజనం’ కిందికి రాదు. ఒక్కడే కెమెరాలు, మిక్సర్ పెట్టుకుని బతికేవాడికి ఇది పనికొస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. నేను ఇచ్చాను.

బిల్లు దగ్గర జాగ్రత్త. నా బిల్లులో ‘వీడియో మిక్సర్ – 1’ అని మాత్రమే రాశారు. మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోండి. డబ్బా మీద ఏమేం ఉన్నాయని రాశారో అది కూడా ఫోటో తీసి పెట్టుకోండి. నా దగ్గర డబ్బా ఉంది కాబట్టే మాట్లాడటానికి వచ్చారు. ప్రస్తుతానికి డబ్బులు తిరిగి ఇచ్చేది లేదని, అంత విలువకి ట్రైపాడ్లు తీసుకెళ్లమని అంటున్నారు.