అంబాసిడర్ ముందు బుష్‌లు: రబ్బరా, పాలీయురేథేనా?

అంబాసిడర్ ఉన్నవారు ఎవరు కలిసినా ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "ముందు ఆర్మ్ బుష్‌లు అరిగిపోయాయి. మళ్లీ రబ్బరువే వేయించాలా, పాలీయురేథేన్‌కు మారాలా?" ఆర్మ్ అంటే ముందు చక్రాన్ని బాడీకి కలిపే ఇనుప చేయి. అది ఊగే కీలులో ఇమిడే గొట్టంలాంటి ముక్కే బుష్. పాలీయురేథేన్, అంటే పాలీ, రబ్బరు కన్నా గట్టిగా ఉండే ఒక ప్లాస్టిక్. పోయిన వేసవిలో మా 1984 నాటి మార్క్ 4 కోసం నేనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది. రబ్బరే వేశాను. పాలీ వేసుకున్నవారిది తప్పని అనను గాని, ఎక్కువమంది తప్పు కారణం చూసి అటు వెళుతున్నారని మాత్రం గట్టిగా నమ్ముతాను.

రెండూ చేసే పని ఒకటే, చేసే తీరు వేరు. రబ్బరు బుష్ జారదు. నట్టు బిగించగానే దాని లోపలి అంచు బోల్టును, బయటి అంచు కంటిని, అంటే బుష్ కూర్చునే గుండ్రటి రంధ్రాన్ని, పట్టేసుకుంటాయి. చక్రం గోతిలో దిగినా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినా మధ్యలో ఉన్న రబ్బరే మెలితిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. పాలీ బుష్‌లో ఈ మెలి ఉండదు. అది గ్రీజు మీద జారుతూ తిరుగుతుంది. నా ఎంపికంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరిగింది.

రబ్బరు మెలితిరిగి పనిచేస్తుందంటే, అది ఏ భంగిమలో బిగుసుకుందన్నది ప్రాణం. కారును జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా నట్టు బిగించారనుకోండి. ఆ సమయంలో ఆర్మ్ బాగా కిందికి వాలి ఉంటుంది. కారు నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి వస్తుంది, రబ్బరు మాత్రం పాత భంగిమలోనే కరచుకుని ఉంటుంది. ఇక షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా, పిండి వదలని తడిబట్టలా అది రాత్రింబవళ్లు మెలిపడే ఉంటుంది. పైన గోతుల మెలి అదనం. కొన్ని నెలల్లోనే చిరుగుతుంది.

మొదటిసారి మా కారుకు జరిగింది ఇదే. ఒక గ్యారేజీలో కొత్త బుష్‌లు వేయించి సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఏడాది తిరగకుండానే బ్రేకు వేసినప్పుడల్లా ముందు నుంచి 'టక్' మని శబ్దం. విప్పి చూస్తే రబ్బరు అరగలేదు. ఒకే వైపు, ఒకే వాలులో, చీల్చినట్టు చిరిగి ఉంది. సరుకు నాసిరకమని అందరూ అన్నారు. ఆ చిరుగు దిక్కు చూశాకే అసలు సంగతి నాకు అర్థమైంది.

రెండోసారి నేను దగ్గరుండి చేయించాను. బోల్టులు చేత్తో తిరిగేంత వదులుగా ఉంచి కారును నాలుగు చక్రాల మీద దించాం. ముందు భాగాన్ని నాలుగైదు సార్లు అదిమి వదిలాం. కారును ముందుకీ వెనక్కీ కొన్ని అడుగులు తోసి, గ్యారేజీలో కిందికి దిగి పనిచేసే గుంత మీదికి తెచ్చి, కింద నుంచి పానాతో బిగించాం. దీనికి పట్టిన అదనపు సమయం అరగంట. ఆ తర్వాతే చక్రాల అలైన్‌మెంట్.

ఇక పాలీ విషయానికొస్తే, దాని గుణాలు నిజమైనవే. గట్టిదనాన్ని కొలిచే షోర్ ఏ లెక్కలో మామూలు రబ్బరు బుష్‌లు 60 చుట్టుపక్కల ఉంటే పాలీ 80 నుంచి 95 దాకా ఉంటుంది. స్టీరింగు తిప్పిన వెంటనే కారు స్పందిస్తుంది. నూనె కారే పాత ఇంజన్లకు ఇది పెద్ద మేలు, ఎందుకంటే ఇంజన్ ఆయిల్ తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పాలీ తట్టుకుంటుంది. వేలాడుతుండగా బిగించినా దానికి ఏమీ కాదు. మీ మెకానిక్ ఎంత చెప్పినా కారు దించి బిగించనంటే, పాలీయే మేలని నేనే చెబుతాను.

అయితే జారే వస్తువుకు గ్రీజు ఉండాలి. మన దుమ్ములో, వానాకాలపు బురదలో ఆ గ్రీజు ఎంతకాలం నిలుస్తుంది? అది పోగానే కిర్రుకిర్రు మొదలవుతుంది. అంబాసిడర్‌కు విడిగా ఛాసీ లేదు, బాడీయే అన్నీ మోస్తుంది. కాబట్టి గట్టి బుష్ ఆపలేని అదురు నేరుగా కాళ్ల కింది రేకులోకి వస్తుంది. పాలీలోనూ పాలిస్టర్ రకం తేమకూ వేడికీ నెమ్మదిగా విరుగుతుంది. కోస్తాలో ఉండేవారు పాలీఈథర్ రకమేనా అని అడిగి కొనాలి.

కింది ఆర్మ్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టి ఉంచే టై రాడ్ దగ్గర మాత్రం పాలీ వద్దే వద్దు. స్టీరింగు టై రాడ్ గురించి కాదు నేను చెప్పేది. ఆర్మ్ లేచినప్పుడల్లా ఈ రాడ్ వాలు మారాలి, దానికి చివరనున్న రబ్బరు చోటివ్వాలి. అది ఇవ్వకపోతే వంగవలసింది రాడ్డే. జపాన్ వారి డాట్సన్ 240జెడ్‌లో ఇలాంటి రాడ్‌కు రెండు వైపులా పాలీ వేసినవారికి రాడ్ విరిగిన అనుభవాలు ఉన్నాయి.

లేత్ మీద తిప్పించే నైలాన్ బుష్‌లు తేమ పీల్చి ఉబ్బుతాయి, చప్పుడు చేస్తాయి. టైరు ముక్క కోసి పెట్టేది ఊరు చేరడానికి పనికొస్తుంది, అంతే. ఏళ్ల తరబడి అరల్లో ఉన్న పాత సరుకు దొరికితే వేళ్ల మధ్య నొక్కి చూడండి. సన్నని పగుళ్లు కనిపిస్తే అక్కడే వదిలేయండి, వాడకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది.

ఏది వేసినా విప్పేముందు రెండు పనులు చేయాలి. నేల నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా ఎత్తు రెండువైపులా కొలిచి రాసుకోండి. ముందు చక్రాలకు స్ప్రింగులా మెలితిరిగి పనిచేసే ఉక్కు కడ్డీ, టార్షన్ బార్, పళ్ల దగ్గర పంచ్‌తో గుర్తు పెట్టండి. ఆ బార్‌లో మెలి ఉండగా ఆర్మ్ వదిలితే చెయ్యి విరుగుతుంది, కాబట్టి ఆర్మ్ కింద జాకీ ఉంచి నెమ్మదిగా దించాలి. ఎడమ బార్‌ను కుడికి మార్చకూడదు. ఇన్నేళ్లూ ఒకే వైపు మెలితిరిగిన ఉక్కు అది.