రోజూ వాడిన ల్యాప్‌టాప్, కొన్నేళ్ల తర్వాత

ఈ 14 అంగుళాల విండోస్ ల్యాప్‌టాప్ మీద కొన్నేళ్లుగా నేను చేసేది రాత పని, స్ప్రెడ్‌షీట్లు, వీడియో కాల్స్. ఇది ఎలా ఉందని ఎవరైనా అడిగితే ప్రాసెసర్ కంటే ముందు వేడి గురించి చెబుతాను. ఎంత కాలం బాగా పనిచేస్తుందన్నది చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది.

ఇది గాలి పీల్చుకునేది అడుగునుంచి. పరుపు మీదో దిండు మీదో పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి, ఫ్యాన్ మోత పెరుగుతుంది, కాసేపటికి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ‘సిస్టమ్ స్లో అయిపోయింది’ అనే టెన్షన్‌కి చాలాసార్లు కారణం ఇదే. గట్టి బల్ల మీద వెనకవైపు కాస్త ఎత్తుగా పెట్టి వాడుతున్నాను. కూలింగ్ ప్యాడ్ అవసరం రాలేదు.

లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు, ఎప్పుడూ 100 శాతం నిండి ఉండటమూ పడదు. నాది ఎక్కువగా ఛార్జర్ పెట్టి చేసే పని. అందుకే ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా మొదట్లోనే సెట్ చేశాను, ప్రయాణం ఉంటేనే పూర్తిగా నింపుతాను. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే కొత్తప్పటి కెపాసిటీ, ఇప్పటిది రెండూ కనిపిస్తాయి. నా దాంట్లో తేడా ఇప్పటికీ తక్కువే. ప్రతిసారీ సున్నా దాకా దించి ఛార్జ్ చేయాలన్న సలహా పాత నికెల్ బ్యాటరీల కాలం నాటిది, దయచేసి పాటించకండి.

స్లీప్‌లో ఉన్నా ఇది అప్‌డేట్ల కోసం మేలుకోవచ్చు. గాలి ఆడని బ్యాగులో ఆ వేడి ఎటూ పోదు కాబట్టి బయటికి వెళ్లేముందు షట్‌డౌన్ చేస్తాను.

మూతను మూల పట్టుకుని కాకుండా మధ్యలో పట్టుకుని తెరుస్తాను, హింజ్ ఇంకా బిగువుగానే ఉంది. కీబోర్డు మీద ఇయర్‌ఫోన్స్ ఉండగా మూత వేస్తే స్క్రీన్ పగలొచ్చు. వెబ్‌క్యామ్‌కి అంటించే మందపాటి కవర్‌తోనూ అదే ప్రమాదం. స్క్రీన్ తుడవడానికి కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ పైపూతను పాడుచేస్తుంది.

నచ్చనిది ఒకటుంది: ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉండటంతో పెంచుకునే దారి లేదు. కొనేముందు ఇది తప్పక కనుక్కోండి. అడుగు మూత స్క్రూలు తీస్తే వచ్చేస్తుందో లేదో కూడా చూడండి. నా దాంట్లో వస్తుంది. వారంటీ అయ్యాక పవర్ ఆపేసి, ఛార్జర్ తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకుని దుమ్ము నేనే ఊదేస్తున్నాను.