బ్రేకింగ్ బ్యాడ్ డీవీడీలు "ఐదు సీజన్లు, ఫుల్ సెట్" అని అమ్ముతున్నాడు, జాగ్రత్త

మహబూబ్‌నగర్ నుంచి పాత డీవీడీ సెట్లు అమ్మే ఆయన తెలుసు కదా, ఆదివారం వస్తే మంచం మీద పెట్టెలు పరిచి ఫొటోలు పెడతాడు, ఆయన దగ్గర దయచేసి ఎవరూ ఏమీ కొనకండి. పేరు రాయడం లేదు. మనలో చాలామంది దగ్గర ఆయన నంబరు ఉంది, ఎవరో అర్థమయ్యే ఉంటుంది. నిన్న రాత్రి ఆయన మా నాన్నతో ప్రవర్తించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

బ్రేకింగ్ బ్యాడ్ అంటే, క్యాన్సర్ వచ్చిన ఒక కెమిస్ట్రీ సారు డబ్బు కోసం డ్రగ్స్ తయారుచేయడం మొదలుపెట్టే అమెరికా టీవీ సీరియల్. ఐదు సీజన్లు, ఫుల్ సెట్, అన్నీ ఒరిజినల్, 2,800 అన్నాడు. ఫోన్‌లో డబ్బులు కొట్టాను. ఆర్టీసీ కార్గోలో దేవరకొండకు పార్శిల్ వచ్చింది. ఐదు పెట్టెలు, డిస్కుల మీద గీత కూడా లేదు. కొన్నది నాన్న కోసం. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు అమ్మా ఆయనా చందంపేట వైపు మా ఊళ్లోనే ఉంటారు. అక్కడ ఫోన్ మాట్లాడాలంటే డాబా ఎక్కాలి. ఇక నెట్‌లో సీరియల్ చూడటం అన్న మాటే లేదు, అందుకే డిస్కులు.

మోసం ఎక్కడుందో చెప్తాను, ఇది తెలియకపోతే ఎవరైనా దొరికిపోతారు. ఈ సీరియల్‌లో మొత్తం 62 ఎపిసోడ్లు. మొదటి సీజన్‌లో 7 మాత్రమే, అప్పట్లో అమెరికాలో రైటర్ల సమ్మె జరిగి షూటింగ్ ఆగిపోవడంతో అక్కడికే ఆపారు. రెండు, మూడు, నాలుగు సీజన్లలో ఒక్కోదానికి 13. ఐదో సీజన్‌కు 16. ఆ పదహారు ఒకేసారి రాలేదు, 2012లో 8, 2013లో 8 వేశారు. అమెరికాలో డీవీడీలు కూడా అలాగే తెచ్చారు. మొదటి 8 ఉన్న పెట్టె మీద "ఫిఫ్త్ సీజన్" అని ఉంటుంది. చివరి 8 "ది ఫైనల్ సీజన్" అని ఇంకో పెట్టె. అంటే ఐదు సీజన్లు పూర్తిగా కావాలంటే ఆరు పెట్టెలు ఉండాలి. మాకు వచ్చినవి ఐదు.

ఈ విషయం మాకు తెలిసింది చివరి డిస్కు అయిపోయాక. ఐదో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ చూసినవాళ్లకు తెలుసు, అది ఎక్కడ ఆగుతుందో. బాత్రూమ్‌లో కూర్చున్న మనిషి చేతికి ఒక పుస్తకం దొరుకుతుంది, లోపల రాసి ఉన్నది చదువుతాడు, ముఖం మారుతుంది, కట్. ఆ ముఖం చూసి అప్పట్లో అమెరికా జనం 2012 సెప్టెంబరు నుంచి 2013 ఆగస్టు దాకా తర్వాతి భాగం కోసం ఎదురుచూశారు. మా నాన్న మంచం మీద ముందుకు జరిగి "తర్వాతి డిస్కు పెట్టు, పెట్టు" అన్నారు. పెట్టె తిరగేసి, అట్ట లోపల వేలు పెట్టి వెతికాను. లేదు.

ఆ సీరియల్ మా ఇంట్లో ఎలా నడిచిందో చెప్తే గానీ మా కోపం మీకు అర్థం కాదు.

మొదటి సీజన్‌లో పేర్లు పడేటప్పుడు రెండు మూలకాల గుర్తులు పచ్చగా వెలుగుతాయి కదా, నాన్న "బ్రోమిన్ ముప్పై ఐదు, బేరియం యాభై ఆరు" అని పిల్లలకు పాఠం చెప్పినట్టు గట్టిగా అనేవారు. ప్రతి ఎపిసోడ్‌కూ అనేవారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వచ్చిన చోట రిమోట్ లాక్కుని ఆపి, ఆ ఆమ్లాన్ని గాజు సీసాలో ఎందుకు పెట్టరో, ప్లాస్టిక్ డబ్బాలో ఎందుకు పెడతారో అమ్మకు వివరించారు. సీరియల్‌లో ఆ కెమిస్ట్రీ సారు వాల్టర్ వైట్ సాయంత్రం కార్ వాష్‌లో పని చేస్తూ తన స్టూడెంట్ కారే కడగాల్సి వచ్చిన సీన్‌లో మాత్రం ఏమీ అనలేదు. ఎపిసోడ్ అయ్యాక చాలాసేపటికి, జీతాలు నెలల తరబడి ఆగిన రోజుల్లో తోటి లెక్చరర్లు ట్యూషన్లు చెప్పి, చిట్టీలు నడిపి, పాలసీలు కట్టించి ఇల్లు ఎలా లాక్కొచ్చారో చెప్పారు. వాల్టర్ వైట్ అప్పటికే ఆయన మనిషి అయిపోయాడు.

అమ్మ మొదటి నుంచీ భార్య స్కైలర్ పక్షం. అమ్మకు ఇంగ్లిష్ రాదు, నేను పక్కన కూర్చుని చెప్తుంటాను. "కడుపుతో ఉన్న మనిషికి ఇన్ని అబద్ధాలు చెప్తాడా" అని మొదటి సీజన్‌లోనే తేల్చేసింది. నాన్న ఒప్పుకోలేదు. వ్యాధి వచ్చిందని, పైసలు లేవని, పిల్లల కోసమే కదా అని వాదించారు. రెండో సీజన్‌లో స్విమ్మింగ్ పూల్‌లో తేలే ఆ గులాబీ రంగు బొమ్మ ఏమిటని ఇద్దరూ అన్నాల దగ్గర కూడా మాట్లాడుకునేవారు. మూడో సీజన్‌లో ఈగ ఎపిసోడ్ వచ్చింది, ఇద్దరు మనుషులు ల్యాబ్‌లో ఒక ఈగ వెంట పడతారు, అంతే. ఖర్చు తగ్గించడానికి ఒకే సెట్‌లో తీసిన ఎపిసోడ్ అది. అప్పుడు కూడా చాలామంది విసుక్కున్నారు, కొంతమంది నెత్తిన పెట్టుకున్నారు. మా ఇంట్లోనూ అంతే, అమ్మ నిద్రపోయింది. నాన్న కళ్లార్పకుండా చూసి "ల్యాబ్‌లో శుభ్రత గురించి ఇంత బాగా ఎవరూ తీయలేదు" అన్నారు. ప్రాక్టికల్స్‌లో ఆయన దగ్గర చదివినవాళ్లకు ఈ మాట ఎందుకన్నారో తెలుస్తుంది. పిపెట్ సరిగ్గా కడగకపోతే బయటికి పంపేవారు.

నాలుగో సీజన్ అయ్యేసరికి నాన్న మారిపోయారు. చికెన్ షాపు చాటున డ్రగ్స్ వ్యాపారం నడిపే గస్ ఫ్రింగ్ కౌంటర్ వెనకాల నిలబడి మర్యాదగా నవ్వినప్పుడల్లా ఇంట్లో అందరికీ టెన్షన్. చివరి ఎపిసోడ్ అయ్యాక నాన్న టీవీ ఆపి, వాల్టర్ ఇప్పుడు చేసేది ఇంటి కోసం కాదని అన్నారు. ఐదో సీజన్ మధ్యలో ఒక రాత్రి అమ్మతో "నువ్వు మొదట్నుంచీ చెప్పిందే నిజం" అన్నారు. నాన్న నోటి వెంట ఆ మాట వినడం మామూలు విషయం కాదు. స్కైలర్ పాత్రను అప్పట్లో ప్రేక్షకులు ఎంత తిట్టారో, ఆ కోపం నటి అన్నా గన్ మీదికే మళ్లితే ఆమె 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించే వ్యాసం రాసుకోవాల్సి వచ్చిందని నేను చెప్పాను. "అన్నీ చేసిన మొగుణ్ని ఇడిచిపెట్టి ఆమెను తిట్టుడేంది" అని అమ్మ నిజంగానే బాధపడింది. అదే ఏడాది ఆ పాత్రకు ఆమెకు ఎమ్మీ, అంటే అమెరికాలో టీవీకి ఇచ్చే పెద్ద అవార్డు, వచ్చిందంటే సంతోషించింది.

నాన్న ఒక రూళ్ల నోట్‌బుక్ పెట్టుకున్నారు. ఎపిసోడ్ నంబరు, కింద ఒకటి రెండు వాక్యాలు. తర్వాత ఏం జరుగుతుందని తాను అనుకుంటున్నారో ఎర్ర పెన్నుతో. మరుసటి రాత్రి ఆ ఎర్ర వాక్యం పక్కన టిక్కో ఇంటూనో పెట్టేవారు. ఐదో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ కింద అర పేజీ ఎర్ర రాత ఉంది.

ఇక నిన్నటి సంగతి. మిగతా డిస్కులు పొరపాటున ఉండిపోయాయేమో అడుగుదామని డాబా ఎక్కి ఆ డీవీడీలు అమ్మినాయనకు ఫోన్ చేశాను. నాన్న కూడా నోట్‌బుక్ పట్టుకుని పైకి వచ్చారు, స్పీకర్ పెట్టాను. విషయం చెప్పగానే ఆయన మొదటి మాట: "పెట్టె మీద ఐదో సీజన్ అని రాసుందా లేదా? ఐదు పెట్టెలొచ్చినయా లేదా?" ఫుల్ సెట్ అన్నారు కదా, ఇంకా ఎనిమిది ఎపిసోడ్లు ఉన్నాయి అన్నాను. "గవి వేరే పెట్టె. నా దగ్గరనే ఉంది. 1,500 కొట్టు, రేపు బస్సుల ఏస్త."

ఆయన దగ్గరే ఉంది. తీసి పక్కన పెట్టుకుని, సరిగ్గా అక్కడ ఆగిపోయాక మనమే ఫోన్ చేస్తామని తెలిసే అమ్మాడు. ఇది వ్యాపారం కాదు, పద్ధతి ప్రకారం చేస్తున్న మోసం, ఈ సంగతి అందరికీ చెప్తానని అన్నాను. అప్పుడు ఆయన గొంతు మారింది.

"ఎనిమిది ఎపిసోడ్లకు గింత లొల్లా? చూడనీకి ఏముంది ఇగ. ఆగు, నేనే చెప్త."

నాన్నకు అర్థమైంది. ఫోన్ వైపు చెయ్యి చాపి "వద్దు బాబూ, చెప్పకండి, మేము చూస్తాం" అన్నారు. ఆయన విన్నాడు. ఒక్క క్షణం ఆగాడు కూడా. ఆ తర్వాత మొదలుపెట్టాడు. ఎవరు పోతారు, ఎవరి చేతిలో, ఎక్కడ, చివరికి ఎవరు మిగులుతారు, ఒక్కో పేరూ చదువుతున్నట్టు చెప్పాడు. నేను స్పీకర్ ఆపేలోపే అయిపోయింది. చివర్లో నవ్వి "ఇగో, మీ పైసలు మిగిలినయ్" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్.

ఆయన చెప్పినవేవీ ఇక్కడ రాయను. చూడనివాళ్లు మీలో ఉంటారు. నాన్న ఆ ఎర్ర రాత ఉన్న పేజీ ఒకసారి చూసుకుని నోట్‌బుక్ మూసి కిందికి దిగిపోయారు. అమ్మ ఏమైందని అడిగితే "డిస్కులు లేవంట" అని మాత్రం చెప్పారు. విన్న సంగతులు అమ్మకు చెప్పలేదు. కనీసం ఆమె అయినా చూడాలని.

డబ్బు సంగతి వదిలేయండి, అది మళ్లీ సంపాదించుకుంటాం. డెబ్బై దాటిన మనిషి వద్దు బాబూ అని బతిమాలుతుంటే విని కూడా చెప్పడం ఏం మనిషితనం? ఆ మిగిలిన ఎనిమిదిలో ప్రేక్షకులు పదికి పది మార్కులు వేసిన ఎపిసోడ్ ఉంది, ఓజిమాండియాస్. 2013 సెప్టెంబరు 29న చివరి ఎపిసోడ్ వేసినప్పుడు అమెరికాలో కోటి మందికి పైగా టీవీల ముందు కూర్చున్నారు. నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్‌కు ఇరవై లక్షలు కూడా లేరు. ఆ మధ్యలో పాత సీజన్లు పట్టుకుని చూసి అంతమంది కథలోకి వచ్చి, ఏమవుతుందో తెలియకుండా ఆ రాత్రి దాకా ఆగారు. మా నాన్న కూడా అలాగే ఆగి చూడాల్సిన మనిషి.

కొనేవాళ్లు ఇది చూసుకోండి. ఎన్ని సీజన్లు అని అడగకండి, ఎన్ని ఎపిసోడ్లు అని అడిగి రాతలో తీసుకోండి. ఈ సీరియల్‌కైతే 62. విడి పెట్టెలుగా కొంటుంటే "ఫైనల్ సీజన్" పెట్టె వెనకవైపు ఫొటో అడగండి. డీవీడీలను దేశాలవారీగా రీజియన్లుగా విడదీసి అమ్ముతారు, వేరే రీజియన్ డిస్కు కొన్ని ప్లేయర్లలో ఆడదు. అమెరికా డిస్కులు ఒకటో రీజియన్‌వి, మన దేశానిది ఐదో రీజియన్, మీ ప్లేయర్ అన్నీ ఆడుతుందో లేదో ముందే చూసుకోండి. మాది ఆడుతుంది కాబట్టి సరిపోయింది. ఇదే మనిషి దగ్గర ఇంకేదైనా సీరియల్ సెట్ కొన్నవాళ్లు ఇప్పుడే డిస్కులు లెక్కపెట్టుకోండి, మధ్యలోకి వచ్చాక కాదు. తక్కువ వచ్చి ఉంటే నాకు రాయండి. చాట్, డబ్బు కట్టిన రసీదు నా దగ్గర ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాను, అందరివీ కలిపితే బలం ఉంటుంది.

ఇంకో సంగతి, ఎవరి దగ్గరైనా ఆ "ఫైనల్ సీజన్" పెట్టె ఒరిజినల్‌ది ఉంటే చెప్పండి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరికి వచ్చి డబ్బు చేతికిచ్చి తీసుకుంటాను. అమ్మ ఇంకా చూడాలి, నాన్న కూడా పక్కన కూర్చుంటానన్నారు.