జ్వరం నిజమే, మెసేజే కొంప ముంచింది

ఆఫీసు ఇంగ్లిష్ నేర్పే ఒక యాప్‌ని మూడు నెలలుగా వాడుతున్నాను. పేరెందుకులెండి. అందులో సెలవుల పాఠం గురించే ఈ రివ్యూ, నన్ను ముంచింది అదే కాబట్టి.

ముందు మంచి చెప్తాను. ‘లీవ్ పెట్టాను’ అనే అలవాటులో మనం ‘ఐ పుట్ లీవ్’ అనేస్తాం. ‘లీవ్‌లో ఉన్నాడు’ కాస్తా ‘ఇన్ లీవ్’ అయిపోతుంది. ‘టుక్ లీవ్’, ‘ఆన్ లీవ్’ అని పదేసి సార్లు పలికించి ఆ జబ్బు వదిలించారు. ఒంట్లో బాలేదు, రాలేనని ఆఫీసుకి చెప్పడం ‘కాల్ ఇన్ సిక్’. పెట్టుకున్న మీటింగ్ రద్దు చేయడం ‘కాల్ ఆఫ్’. నేను ఎన్నాళ్లుగానో కలిపేస్తున్న ఈ రెంటినీ చిన్న ఆడియో సంభాషణతో విడదీశారు. ఇంతవరకూ భేష్.

ఆ పక్కనే ‘పుల్ ఎ సికీ’ కూడా ఉంది. అర్థం: ‘అనారోగ్య సెలవు తీసుకోవడం’. అంతే, ఇంకో ముక్క లేదు. ఓ రోజు నాకు నిజంగానే నూట రెండు జ్వరం. కొత్త మాట వాడదామని మేనేజర్‌కి ‘ఐయామ్ పుల్లింగ్ ఎ సికీ టుడే’ అని మెసేజ్ కొట్టి దుప్పటి కప్పుకున్నాను. ‘నిజం ఒప్పుకున్నందుకు థాంక్స్’ అని జవాబు, పక్కన నవ్వే బొమ్మ. లేచాక వెతికితే తెలిసింది, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఆ మాటకి ఒళ్లు బాగానే ఉండి జబ్బు వంకతో పని ఎగ్గొట్టడమని అర్థం. అచ్చంగా మన డుమ్మా! థర్మామీటర్ ఫొటో పంపుకోవాల్సి వచ్చింది.

మనకి మాత్రం సెలవు, నాగా, డుమ్మా మూడూ ఒకటేనా? నాగా అంటే పనికి రాలేదని మాత్రమే. డుమ్మా అన్నామంటే అందులో దొంగ వేషం ఉన్నట్టే. అమెరికా వాళ్ల ‘ప్లే హుకీ’, బ్రిటన్ వాళ్ల ‘స్కైవ్’ ఈ డుమ్మా జాతివే. చెప్పకుండా మాయమైతే ‘ఏవాల్’. అది సైన్యం మాట, ‘అబ్సెంట్ వితౌట్ లీవ్’కి పొట్టి రూపం. యాప్‌లో ఇవన్నీ ఒకే రంగు డబ్బాలో, ఒకే అర్థంతో ఉన్నాయి. ఏది బాస్‌తో అనొచ్చో, ఏది స్నేహితుడి దగ్గర మాత్రమే అనాలో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

రిపోర్ట్ బటన్ నొక్కి వివరంగా రాశాను. రెండు వారాలైంది, ‘సికీ’ ఇంకా అక్కడే ఉంది. ఉచ్చారణ వరకైతే ఐదుకి నాలుగు ఇస్తాను, ఈ పాఠానికి రెండు.